ఆవిరి

2019 జనవరిలో రోజూ పొద్దున ఏడున్నరకి న్యూజెర్సీలోని ఎడిసన్ స్టేషన్లో న్యూబ్రన్స్‌విక్ వైపు రైలు కోసం నిలబడేవాణ్ణి. అవతలి ప్లాట్‌ఫారం మీద న్యూయార్కు పోయేవాళ్లు నల్ల కోట్లలో వరసగా ఉండేవాళ్లు. అందులో మనవాళ్లు చాలామంది. ఆ చలిలో ఎవరూ మాట్లాడుకోరు. ప్రతి ముఖం ముందూ తెల్లటి ఊపిరి లేచి, జానెడు దూరం పోయి, మాయమైపోయేది. యాకోబు తన పత్రిక నాలుగో అధ్యాయంలో మనిషి బతుకును ఆవిరితో పోల్చాడని సండేస్కూలు రోజుల నుంచీ వింటూనే ఉన్నాను. మదనపల్లెలో నాకు తెలిసిన ఆవిరి, అవ్వ ఇడ్లీ గిన్నె మూత తీసినప్పుడు లేచేదే. అది ఆకలిని గుర్తు చేసేది తప్ప చావును కాదు. మనిషి ఊపిరి ఎంత పల్చనిదో, అది కంటికి కనబడే ఊరికి వచ్చాకే తెలిసింది.

ఆ నెలలో చావు కూడా దగ్గర నుంచే కనబడింది.

క్రిస్మస్ సెలవుల్లో మన తెలుగు విద్యార్థి ఒకడు కారు ప్రమాదంలో పోయాడు. మా సంఘంలో ఎవరికీ నేరుగా తెలిసిన అబ్బాయి కాదు. మా పాస్టరు గారికి ఎవరో ఫోన్ చేస్తే, కాగితాల పనికి నన్నూ ఇంకో ఇద్దరినీ పంపారు. ఈ దేశంలో చనిపోయిన మనిషిని ఇంటికి పంపించడానికి ఎన్ని సంతకాలు కావాలో అప్పుడే తెలిసింది. ముందు మెడికల్ ఎగ్జామినర్ వదలాలి. తర్వాత డెత్ సర్టిఫికెట్, శవం పాడవకుండా మందులు ఎక్కించినట్టు ఫ్యునరల్ హోమ్ వాళ్ల కాగితం, అంటువ్యాధి ఏదీ లేదన్న కాగితం. న్యూయార్కులోని మన కాన్సులేటులో ఆ పాస్‌పోర్టు రద్దు చేయించి, అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి. అన్నీ అయ్యాక విమానంలో సరుకుల కిందే చోటు దొరుకుతుంది. ఇలాంటి వేళల్లో ఆదుకోవడానికి ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాలో టీమ్ స్క్వేర్ అని ఒక విభాగమే ఉందంటే, ఈ కష్టం ఎన్ని ఇళ్లకు వచ్చి ఉంటుందో ఆలోచించండి. రద్దయిన ఆ పాస్‌పోర్టు మూల కత్తిరించి నా చేతిలో పెట్టారు. లోపల ఫొటోలో కుర్రాడు నవ్వడం లేదు. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదంటారు కదా. స్టూడియోలో సరిగ్గా కూర్చోవాలని ఊపిరి బిగబట్టినట్టు కనబడ్డాడు.

ఆ రోజు రైల్లో తిరిగి వస్తూ దేవుడికి ఒక మాట ఇచ్చాను. నాకు మిగిలిన రోజులు ఎన్నో తెలియదు. వాటిలో ఒక్క గంట కూడా వృథా పోనివ్వను.

మాట ఇచ్చానంటే ఉత్తుత్తి మాట కాదు. ఆ వారమే క్రికెట్ చూడటం మానేశాను. పొద్దున ఐదుకి లేచి ప్రార్థన, ఆరుకి బైబిలు, దారిలో పాఠాలు, రాత్రి ల్యాబ్ పని, పదిన్నర తర్వాత సంఘం పనులు. కాగితం మీద గళ్లు గీసి, రోజును అరగంటల కింద కోసి, గోడకి అంటించాను. చదువుతో పాటు దేవుడి పని కూడా చేయాలంటే కాలాన్ని కాపలా కాయక తప్పదనుకున్నాను. ఇప్పుడు ఆ కాగితాన్ని తలచుకుంటే ఆ కుర్రాడి మీద, అంటే అప్పటి నా మీద, కోపం రాదు. వాడు నిజంగానే దేవుణ్ణి ప్రేమించాడు. నిజంగానే భయపడ్డాడు కూడా.

మాది ఎడిసన్ స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో రెండు గదుల అపార్ట్‌మెంటు. నలుగురం ఉండేవాళ్లం. ఇద్దరికి టెక్సాస్‌లో పని దొరికి వెళ్లిపోయారు. నేనూ, కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడూ మిగిలాం. వయసులో నాకన్నా ఏడాదే చిన్న, అయినా మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచేవాడు. చదువు అయిపోయి, ఆ తర్వాత కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉద్యోగంలో చేరాడు. ఆ ఏప్రిల్‌లో హెచ్‌వన్‌బీ వీసాకు వేస్తారు, అందాకా దేశం దాటి వెళ్తే తిరిగి రావడం ఏమవుతుందోనని మనవాళ్లందరికీ ఉండే గుబులే వాడికీ ఉండేది. తక్కువ మాట్లాడతాడు. పచ్చిపులుసు బాగా చేస్తాడు. చర్చికి వచ్చేవాడు కాదు, నేను వెళ్తుంటే మాత్రం లేచి తలుపు వేసుకునేవాడు.

వాళ్ల నాన్నను వాడు బాపు అంటాడు. రోజూ రాత్రి, అక్కడ పొద్దుపొడిచే వేళ, వీడియోలో మాట్లాడుకునేవాళ్లు. ఎక్కువగా ఆయన పొలం గట్టు మీద నడుస్తూ ఉండేవాడు, ఫోన్లో ముఖం కన్నా ఆకాశమే ఎక్కువ కనబడేది. సంక్రాంతికి ఒక పార్సిల్ వచ్చింది. అట్ట డబ్బా మీద అడ్రసు పెన్నుతో రెండుసార్లు దిద్ది రాసి ఉంది. లోపల సకినాలు. నేను ఒకటి కొరుకుతుంటే తమ్ముడు ఫోను నావైపు తిప్పాడు. ఆయన కళ్లు చికిలించి చూసి, "మా పోరన్ని జర సూస్కో బిడ్డా" అన్నాడు. "తప్పకుండా నాన్నా" అన్నాను. నోట్లో సకినం ఉంది, మాట సరిగ్గా రాలేదు.

ఆ పార్సిల్ వచ్చిన రెండు మూడు రోజులకే పాస్టరు గారు పిలిచారు. నెలాఖరు ఆదివారం సాయంత్రం యవ్వనస్థుల కూడిక, నువ్వే వాక్యం చెప్పాలి, ఆ అబ్బాయి పోయిన దగ్గర నుంచి పిల్లలు కలతపడి ఉన్నారు, నీ వయసువాడు చెబితే వింటారు అన్నారు. నేను ఎదురుచూస్తున్న పిలుపే. బతుకు చిన్నది, విద్యార్థిగా ఉన్నప్పుడే దానికొక గురి ఉండాలి, ఇదీ విషయం.

గురి అనగానే నాకు గుర్తొచ్చింది మా ఊరే. న్యూబ్రన్స్‌విక్‌లో నేను చదివే రట్గర్స్ యూనివర్సిటీ కాలేజ్ అవెన్యూ క్యాంపస్‌ని ఆనుకుని ఒక సెమినరీ ఉంది. 1784లో మొదలైనది, ఈ దేశంలో అన్నిటికన్నా పాతదని చెబుతారు. మొదటి ఏడాది ఆ గేటు ముందు నుంచి వందసార్లు నడిచి ఉంటాను, ఏదో పాత భవనం అనుకున్నాను తప్ప తల తిప్పి చూడలేదు. ఒకరోజు వర్షానికి ఆగి బోర్డు చదివాను. ఇంటికి ఫోన్ చేసి అవ్వతో ఊరికే ఆ పేరు చెప్పాను. అవ్వ ఒక్క క్షణం ఆగి, "యాడ? మన ఛాంబర్లిన్ దొర సదువుకున్న బళ్లోనా అబ్బీ?" అంది.

అవును, అదే. జేకబ్ ఛాంబర్లిన్ 1859లో అక్కడ చదువు ముగించుకున్నాడు. ఆ ఏడాది చివర భార్యతో ఓడ ఎక్కేనాటికి ఇరవై నాలుగేళ్లు. 1863లో మదనపల్లె చేరాడు. అదే ఏడాది గుర్రం మీద, వెంట పుస్తకాల బండ్లతో, నిజాం రాజ్యం మీదుగా మధ్య హిందూస్థానం దాకా 1,200 మైళ్ల ప్రయాణం చేశాడు. వైద్యం నేర్చుకుని వచ్చినవాడు కాబట్టి బోధ ఎంతో మందూ అంత. తెలుగు బైబిలును సవరించే సంఘానికి ఇరవై ఏళ్లకు పైగా పెద్దగా ఉన్నాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. నేను ఏ నేల నుంచి వచ్చానో ఆ నేలకు, నా వయసులో, నేను రోజూ నడిచే వీధి నుంచి ఒక విద్యార్థి వెళ్లాడు. అది తెలిసిన రోజు ఆ గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డాను. గాలికి చెవులు మండిపోయాయి, అయినా పెట్టుకోబుద్ధి కాలేదు.

అవ్వకు ఆయనను చూసిన జ్ఞాపకం ఉండే వయసు కాదు. ఆయన పోయాక మూడేళ్లకు, 1911లో మొదలైన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిలో, మా ఊళ్లో అందరూ మిషన్ ఆసుపత్రి అనే చోట, ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. మేము ఆసుపత్రి వెనక ఇంట్లోనే పెరిగాం. రాత్రి ఏ జాముకైనా ఎవరో ఒకరు వాకిలి కొట్టేవాళ్లు. డ్యూటీ అయిపోయిందని అవ్వ ఏనాడూ అనలేదు. చీర కొంగు బిగించి లాంతరు పట్టుకుని పోయేది. కరెంటు వచ్చాక కూడా లాంతరే పట్టుకునేది, దోవలో దీపాలు ఉండవని. నా వాక్యంలో మొదట ఛాంబర్లిన్, చివర అవ్వ అని నిర్ణయించుకున్నాను.

మధ్యలో ఏముండాలో ప్రిన్స్‌టన్ ఇచ్చింది. మా రైలు మార్గం మీదే, న్యూబ్రన్స్‌విక్ దాటాక వస్తుంది. అక్కడ జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు 1970 ప్రాంతంలో ఒక ప్రయోగం చేసి 1973లో అచ్చువేశారు. సెమినరీ విద్యార్థులు 40 మందిని పిలిచి, పక్క భవనంలోకి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. సగంమందికి ఇచ్చిన విషయం మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, లేవీయుడు చూసీ చూడనట్టు పోతే, పరాయివాడు ఆగి గాయాలు కట్టిన కథ. మిగతా సగానికి ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. కొందరితో ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తండి అన్నారు. కొందరితో తీరిగ్గా వెళ్లండి అన్నారు. దారిలో సందులో ఒక మనిషి తలుపు దగ్గర కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. వాళ్లు పెట్టిన మనిషే, ఆ సంగతి వీళ్లకు తెలియదు. తీరిక ఉన్నవాళ్లలో నూటికి 63 మంది ఆగారు. బాగా తొందరలో ఉన్నవాళ్లలో ఆగింది నూటికి 10 మంది. నోట్లో ఏ విషయం ఉందన్నది పెద్దగా తేడా చేయలేదు. సమరయుడి గురించి చెప్పబోతూ, పడి ఉన్న మనిషిని దాటుకుంటూ పోయినవాళ్లు కూడా ఉన్నారు.

అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ విద్యార్థుల మీద జాలి, కోపం రెండూ వచ్చాయి. దేవుడి పని కోసం పోతూ దేవుడు పెట్టిన మనిషిని దాటిపోయారే అని వాక్యంలో గట్టిగా చెప్పాలనుకున్నాను. చెప్పాను కూడా.

జనవరి ఆఖరి శుక్రవారం రాత్రి. ఆదివారం కూడికకు రెండు రోజులే ఉంది. పదకొండున్నర దాటాక నా గదిలో తలుపు వేసుకుని, ఫోన్లో రికార్డు పెట్టి, లేచి నిలబడి మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాల్లో పూర్తి కావాలి. రెండుసార్లు మధ్యలో తడబడి చెరిపేశాను. మూడోసారి బాగా సాగుతోంది. అప్పటికి పన్నెండున్నర అయి ఉంటుంది. ఫోన్లో చార్జి తగ్గిందని వైరు గుచ్చి ఉంచాను.

ప్రిన్స్‌టన్ సంగతి అయిపోయి అవ్వ దగ్గరకు వస్తుండగా తలుపు చప్పుడైంది. తమ్ముడు. నా చార్జర్ కావాలన్నాడు. ఒక అరగంట ఆగమన్నాను. సరేనన్నట్టు తల ఊపి వెళ్లాడు. నేను గొంతు సవరించుకుని వదిలిన చోట పట్టుకున్నాను. ఈసారి చివరి దాకా తప్పు లేకుండా వచ్చింది. మోకరించి ప్రార్థన చేసుకున్నాను. అంత తృప్తిగా ఆ నెలలో ఎప్పుడూ పడుకోలేదు. చార్జర్ సంగతి పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. వాడి గది ముందు పెట్టి రైలుకి పరుగెత్తాను. శనివారం కూడా ల్యాబ్ ఉండేది.

పోతూ వస్తూ దారిలో ఆ రికార్డింగు రెండుసార్లు విన్నాను. ఎక్కడ వేగం ఎక్కువైందో, ఎక్కడ ఒకే మాట రెండుసార్లు వచ్చిందో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. తలుపు చప్పుడు దగ్గర ముందుకు జరిపి, ఆ తర్వాత నుంచి విన్నాను. అది వాక్యంలో భాగం కాదు కదా.

ఆదివారం సాయంత్రం అరవై మంది దాకా వచ్చారు. మామూలుగా పాతిక దాటరు. చెబుతుంటే ఇద్దరు ఆడపిల్లలు ఏడ్చారు. ముగించాక చాలాసేపు ఎవరూ లేవలేదు. ఒక అబ్బాయి వచ్చి, అన్నా, రెండేళ్లుగా మాట్లాడని మా అన్నకు రేపు ఫోన్ చేస్తాను అన్నాడు. రేపు కాదు, ఇప్పుడే చెయ్యి అన్నాను. మెట్ల మీద నిలబడి అప్పుడే చేశాడు. అది నా కళ్లతో చూశాను. దేవుడు ఆ రోజు పని చేయలేదని నేను ఇప్పటికీ అనలేను. పాస్టరు గారు చేయి నొక్కి, "మీ అవ్వ మాట ఈ పిల్లలు మరిచిపోరు" అన్నారు.

ఆ వారం చలి ముదిరింది. రేడియేటర్లు రాత్రంతా టకటకమనేవి. తమ్ముడు ఆఫీసుకు వెళ్తున్నాడో ఇంట్లోనే ఉంటున్నాడో నాకు తెలియదు, నేను పొద్దున పోతే రాత్రికి చేరేవాణ్ణి. గడ్డం పెరిగింది. ప్రాజెక్టు ఒత్తిడి అనుకున్నాను. ఫ్రీజర్లో నేను తెచ్చిన చికెన్ అలాగే ఉంది. వాడు పెరుగన్నం తింటున్నాడు. ఏదో మొక్కు అనుకున్నాను. ఒకరోజు వాడి గది తలుపు తీసి ఉంటే, మంచం ఖాళీగా, కింద చాప మీద దుప్పటి పరిచి ఉంది. నడుం నొప్పేమో, అడగాలి అనుకున్నాను. గోడ మీది కాగితంలో ఆ అరగంట ఇంకో పనికి రాసి ఉంది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనుక్కుని మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాను. వంటగదిలో తమ్ముడు టీ పెడుతున్నాడు. ఇంట్లో వేడిగా ఉన్నా ఉన్ని టోపీ పెట్టుకుని ఉన్నాడు. మూత తీశాడు, ఆవిరి ముఖానికి కొట్టింది. చెమట తుడుచుకోవడానికి టోపీ తీశాడు.

నున్నగా గుండు. మెడ మీద అక్కడక్కడా కత్తి గాట్లు.

"బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లొచ్చావా తమ్ముడూ?" అన్నాను. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, మనవాళ్లు మొక్కులకు వెళ్తారు.

"లేదన్నా." రెండు కప్పుల్లో టీ పోశాడు. ఒకటి నా ముందు పెట్టాడు. "ఇయ్యాల బాపు పదో దినం."

సంచిలో టమాటాలు ఉన్నాయి. ఒకటి జారి కింద పడింది. వాడే వంగి తీశాడు.

"పోయిన శుక్రారం పొద్దుగాల నేను ఆఫీసుల ఉంటే చిన్నబాపు ఫోన్ చేసిండు. గుండె ఆగిందట. పొలం కాడనే. ఎట్ల పోదునన్నా? టికెట్ దొరికినా నేను పొయ్యేసరికి అంత అయిపోతది. పోతే మల్ల రానిస్తరో లేదో. అమ్మనే వద్దన్నది. ఫోన్ల చూడు కొడుకా అన్నది." కప్పు చేతిలో పట్టుకుని దాని లోపలికి చూస్తూ చెబుతున్నాడు. "అక్కడ పదకొండు గొట్టంగ తీస్కపోయిండ్రు. ఇక్కడ రాత్రి పన్నెండున్నర. ఫోన్ల ఏడు శాతం ఉండె."

నాకు గోడ దొరికింది. దానికి ఆనుకున్నాను.

"నువ్వేం అనుకోకన్నా. చార్జర్ ఉన్నా ఎంతసేపు చూస్తుంటినో ఏమో. చిన్నబాపు కుండ పట్టుకొని తిరుగుతుంటే ఆగిపోయింది. గంతే."

"నాతో ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?"

"నువ్వు దేవుని పని మీద ఉన్నవు గద. డిస్టర్బ్ చెయ్యొద్దనుకున్న." తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం వెతికాను. ఉంటే బాగుండును. "ఫోన్ ఆగినంక గోడకు ఆనుకొని కూసున్న. నువ్వు చెప్పేది మొత్తం ఇనవడ్డది. మీ అవ్వ ముచ్చట మంచిగ చెప్పినవన్నా. అక్కడ నిప్పు పెట్టే యాళ్లకు బాపు కోసం ఎవరో నాలుగు మంచి మాటలు చెప్తున్నట్టే అనిపిచ్చింది. ఆ రికార్డు నీ ఫోన్ల ఉంటే నాకు జర పంపుతవా?"

పంపుతానన్నాను. టీ తాగాను, ఎలా తాగానో తెలియదు. వాడి పక్కన కూర్చున్నాను, సాయంత్రం దాకా. బాపు గురించి చెప్పాడు. పత్తి గురించి, బోరు గురించి, పార్సిల్ అడ్రసు రాయడానికి ఆయన పదో తరగతి పిల్లాణ్ణి పిలిచి అక్షరం అక్షరం చెప్పించుకోవడం గురించి. చీకటి పడ్డాక వాడికి నిద్ర వచ్చింది. చాప మీద పడుకున్నాడు, దుప్పటి కప్పాను.

నా గదికి వచ్చి తలుపు వేయకుండానే కూర్చున్నాను. పంపే ముందు ఒకసారి వినాలనిపించింది, వాడికి బాధ కలిగించే మాట ఏదైనా ఉందేమోనని. మొదటిసారి, ముందుకు జరపకుండా, మొత్తం విన్నాను.

పదమూడో నిమిషంలో నా గొంతు ప్రిన్స్‌టన్ సందులో ఉంది. దేవుడి పని మీద పోతూ ఎలా దాటిపోగలిగారు అని అడుగుతోంది. తర్వాత మూడుసార్లు చిన్నగా తలుపు మీద చప్పుడు. కీలు కిర్రుమంది.

"అన్నా, జర నీ చార్జర్ ఇస్తవా? మా బాపు..."

ఆ రెండో మాట నేను ఆ రాత్రి వినలేదు. దారిలో రెండుసార్లు పెట్టుకున్నప్పుడూ అక్కడ ముందుకు జరిపేశాను. దాని మీదే, దాన్ని కప్పేస్తూ, నా మాట ఉంది.

"ఒక్క అరగంట ఆగు తమ్ముడూ, వాక్యం రికార్డు చేస్తున్నా."

ఒక క్షణం ఏమీ లేదు. తలుపు మూసుకుంది. పాదాల చప్పుడు దూరమైంది. నేను గొంతు సవరించుకున్నాను, కాగితం తిప్పాను.

"ఆ... ఎక్కడున్నాం. మా అవ్వ ఒక మాట అనేది. వాకిలి తట్టినోడు ఊరికే తట్టడబ్బీ, అని."